బెజ్జం బిళ్ళ

నా సవతిని అమ్మేయడానికి ప్రొద్దుటూరు బస్సెక్కాను. సవతి అంటే మనిషి కాదు, తుపాకీ. మా మామగారి కాలం నాటిది. గుండు పేల్చిన ప్రతిసారీ గడియ వెనక్కి లాగి మళ్ళీ ముందుకు తొయ్యాలి. పులివెందుల దగ్గర మా చీనీ తోటలో అడవి పందులు డ్రిప్పు పైపులు కొరికేస్తాయని మా ఆయన దాని లైసెన్సు వదలకుండా నిలబెట్టుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ల కాపురంలో నన్నెప్పుడైనా అంత ముద్దుగా చూసుకున్నాడా అంటే, లేదు.

ఆయన పోయి ఏడు నెలలైంది. లైసెన్సున్న మనిషే లేనప్పుడు తుపాకీ ఇంట్లో ఉండకూడదని, పోలీసులు దాన్ని ప్రొద్దుటూరులో అబ్దుల్ సత్తార్ అంగట్లో పెట్టించారు. సత్తార్ తుపాకులు బాగుచేస్తాడు, అమ్మిపెడతాడు. జమ్మలమడుగు వాళ్లెవరో కొంటామన్నారట, నేను వచ్చి సంతకం పెడితే చాలన్నాడు.

పీడ వదిలించుకుందామనే వెళ్లాను. అబద్ధమెందుకు, నాకు కడుపుమంట. చివరి మూడేళ్లూ మా ఆయన నా ముఖం చూడటమే మానేశాడు. వరండాలో ఆయన కుర్చీకి కుడి పక్కన, వంటింటి గుమ్మం దగ్గర నా పీట. అక్కణ్ణుంచి టీ గ్లాసు చాపితే అందుకునేవాడు కాదు. “ఏం, నా చేతి టీ గూడ చేదైపోయిందా?” అని గట్టిగా అరిస్తే ఉలిక్కిపడి, తడుముకుంటూ తీసుకునేవాడు. మనవరాలి పెళ్లికి కొత్త పట్టుచీర కట్టుకుని పక్కన నిలబడితే తల కూడా తిప్పలేదు. పొద్దు వాలేసరికి మాత్రం తుపాకీ భుజాన వేసుకుని తోటకు బయల్దేరేవాడు. ముసలిదాన్నైపోయాను, ఇంక నన్నేం చూస్తాడులే అని లోలోపల కుమిలిపోయాను. ఎందుకు చూడవని ఒక్కసారైనా అడిగానా? అడగలేదు. పౌరుషం అడ్డమొచ్చింది.

సత్తార్ కాగితాలు ముందు పెట్టాడు. పెన్ను పట్టుకున్నాక మనసాగలేదు.

“దాన్నొకసారి ఇట్లియ్యప్పా. అంత మురిపెం యేముండాదో దాంట్లో, నేనూ చూస్తా” అన్నాను.

“అట్లనే చూడమ్మా” అంటూ అతను గడియ తెరిచి, లోపల గుండ్లు లేవని చూపించి, తుపాకీని బల్ల మీది ఇసకమూటకు ఆనించిపెట్టాడు.

గొట్టానికి వెనకవైపు, కంటికి దగ్గరగా చిన్న ఇనుప బిళ్ళ నిలబడి ఉంది. దాని నడుమ బెజ్జం. కన్ను పెట్టి చూశాను. అంతా మసక.

“ఏందప్పా ఇది! ఈ మసకను చూసేదానికా ఆయప్ప ఇన్నేండ్లు తోటకు పోయింది?”

సత్తార్ నవ్వాడు. “నువ్వు బిళ్ళను చూస్తాండావమ్మా. బిళ్ళను చూడగూడదు. అది ఉండాదనేదే మర్చిపో. ఆ కొసన మొల మాదిరి నిలబడి ఉండాదే, దాన్ని మేము మక్కీ అంటాము. దాన్ని చూడు. బెజ్జానికి సరిగ్గా నడుమకు నీ కన్నే తెస్తాది.”

అతను చెప్పినట్టే చేశాను. బిళ్ళ అంచు పలచబడి, ఉందో లేదో అన్నట్టయింది. మక్కీ నల్లగా, నిటారుగా తేలింది. ఎదుటి గోడమీది క్యాలెండరులో అంకెలు కూడా కనబడ్డాయి. అద్దాలు లేకుండా అంకెలు కనబడి నాకు ఎన్నేళ్లైందో!

“అబ్బా, ఎంత బాగుండాది!” అన్నాను.

“ముసలి కండ్లకు ఇదే మేలమ్మా. చిన్న బెజ్జంలోంచి చూస్తే మసక తగ్గుతాది. అందుకే గదా మీ రెడ్డి ఒంటి కన్నుతోనే నెట్టుకొచ్చినాడు.”

“ఎవురైనా ఒంటి కన్నుతోనే గదప్పా గురి చూసేది?”

సత్తార్ నా వైపు వింతగా చూశాడు. “నీకు తెలీదా?”

“ఏంది తెలిసేది?”

అతను తుపాకీ మడమను, అంటే భుజానికి ఆనించే చెక్కను, ఇటూ అటూ తిప్పాడు. చెంప ఆనే చోట చెక్క ఒక పక్క బాగా అరిగి నున్నబడింది. రెండో పక్క పాలిష్ మాత్రం పోయింది.

“ఈ పక్క అరుగుడు పాతది. ఈ పక్క మూడేండ్లది. రెడ్డికి కుడి కంటి నరం ఎండిపోయింది. కర్నూలు డాక్టరు ఆపరేషన్ చేసినా లాభం లేదన్నాడంట. అప్పుడు తుపాకీ ఎడమ భుజానికి మార్చినాడు. ఎడమ కన్ను గూడ మందగిస్తాందంటే, మసక తగ్గేట్టు ఈ బెజ్జం బిళ్ళ నేనే ఏసిచ్చినా. నీకు తెలిస్తే తోటకు పోనియ్యవని, యాడా చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు.”

కుడి కన్ను! నేను మూడేళ్లు కూర్చున్నది ఆ పక్కనే. పట్టుచీర కట్టుకుని నిలబడిందీ ఆ పక్కనే. ఓరి దేవుడా, ఆ మనిషిని ఎన్నేసి మాటలన్నాను! పీట ఇటు పక్క నుంచి అటు పక్కకు జరుపుకుని ఉంటే సరిపోయేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఏడుపు ఆగలేదు. సత్తార్ నీళ్లు తెచ్చి పెట్టాడు, నేను ముట్టలేదు.

కాసేపటికి అడిగాను. “నా గురించి ఎప్పుడైనా యేమన్నా అన్నాడా సత్తారప్పా?”

అతను తుపాకీని బల్ల మీద పడుకోబెట్టి, బిళ్ళను వేలితో తాకాడు.

“ఈ బిళ్ళ బిగించిన దినం ఒక మాటడిగినాడమ్మా. ‘మక్కీ బాగా కనపడతాంది సత్తారూ. మా నిర్మల నాకు కుడి పక్కన కూచుంటాది. ఆమె ముఖం కనపడేదానికి ఇట్లాంటి బిళ్ళ యేమన్నా ఉండాదా?’ అన్నాడు. పరాచికాలనుకోని నేను నవ్వినా.”

“ఆయనా నవ్వినాడా?”

“లేదమ్మా” అన్నాడు సత్తార్.