చంక దిగిన తమ్ముడు

తమ్ముడు చంకలో ఉంటేనే పిచ్చుకకి ఊపిరాడేది. అమ్మ పోయాక రైల్వేస్టేషన్‌లో పిల్లాడికి ఇల్లూ వాకిలీ అన్నీ అక్క చంకే. "ఇదే గుప్పెడంత, దీని చంకలో మళ్లీ ఇంకొకడు!" అంటూ టీకొట్టు తాత పెట్టిన పేరే పిచ్చుకకి ఉండిపోయింది.

వీధిపిల్లల్ని చేరదీసే ఇంటికి తీసుకొచ్చినప్పుడు కూడా ఆ పిల్ల తమ్ముణ్ణి కింద పెట్టలేదు. ఆ ఇంటిని నడిపే ఆవిడని పిల్లలంతా పెద్దమ్మ అనేవారు. నోరు పెద్దదే గానీ మనసు వెన్న.

"వాణ్ణిలా ఇవ్వవే, నేను స్నానం చేయిస్తా. నువ్వెళ్లి ఆడుకో" అంది పెద్దమ్మ.

పిచ్చుక తమ్ముణ్ణి ఇంకా గట్టిగా పట్టుకుంది. ఇలాగే ముద్దుచేసి పిల్లల్ని ఎత్తుకుపోయినవాళ్లని స్టేషన్‌లో చూసింది మరి. మర్నాడు గేటు తీసి ఉండటం కనిపెట్టి, తమ్ముడితో సహా ఉడాయించింది.

దారిలో వాన పట్టుకుంది. సాయంత్రానికి పిల్లాడి ఒళ్లు పెనంలా కాలిపోతోంది. స్టేషన్‌లో తెలిసిన మొహాలు చాలానే ఉన్నాయి. కానీ వీణ్ణి నమ్మి ఎవరి చేతిలో పెట్టాలి అనుకునేసరికి, వద్దన్నా పెద్దమ్మే గుర్తొచ్చింది. తిడితే తిట్టింది, కొడితే కొట్టిందని వెనక్కి తిరిగింది.

తలుపు తీసిన పెద్దమ్మ పల్లెత్తు మాట అనలేదు. ఇద్దర్నీ తీసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. ఇంటికొచ్చాక మందుసీసా పట్టుకుని పిచ్చుక పక్కన చతికిలబడింది.

"నేను పోస్తే మింగనంటున్నాడే. నీ దగ్గరైతే ఎలా మింగుతాడు? కాస్త నేర్పు తల్లీ."

పిచ్చుక తెల్లబోయింది. బుద్ధెరిగాక తనని ఏదైనా నేర్పమన్నవాళ్లు ఎవరూ లేరు.

"చెవి దగ్గర రైలు కూత కుయ్యాలి. నవ్వుతాడు. అప్పుడు పోసెయ్యాలి."

పెద్దమ్మ గొంతు సవరించుకుని కూసింది.

"అది రైలా, దున్నపోతా?" అంది పిచ్చుక.

జ్వరంలోనే పిల్లాడు కిలకిలా నవ్వాడు. మందు లోపలికి పోయింది.

జ్వరం తగ్గిన నాడు పిచ్చుక ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. లేచి చూస్తే చంక ఖాళీ! వరండాలోకి పరిగెత్తింది. తమ్ముడు పెద్దమ్మ కాళ్ల దగ్గర కూర్చుని గిన్నెలు దొర్లిస్తున్నాడు. అక్కని చూసి నవ్వి, మళ్లీ తన పనిలో పడ్డాడు.

చేతులేం చేసుకోవాలో పిచ్చుకకి తోచలేదు. పెరట్లో తాడాట ఆడుతున్న పిల్లలు, "వస్తావా?" అని పిలిచారు.

"నాకు రాదు."

"రాకపోతే పడతావు, అంతేగా!"

పడింది కూడా. మోకాలు గీసుకుపోయింది. స్టేషన్‌లో లాఠీ దెబ్బ తిన్నప్పుడు కూడా, తమ్ముడు బెదిరిపోతాడని పళ్లు బిగబట్టిన పిల్ల, ఆ చిన్న గాయానికి "పెద్దమ్మా!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చిన పెద్దమ్మ మోకాలి మీద ఉఫ్‌మని ఊదింది. ఇన్నాళ్లూ దాచుకున్న ఏడుపంతా ఆవిడ చీర కుచ్చిళ్లలో తీరేదాకా ఏడ్చింది పిచ్చుక. ఇక ఊరుకోమని పెద్దమ్మ అనలేదు.

ఇప్పుడు పిచ్చుక పిల్లల ఆసుపత్రిలో నర్సు. తమ్ముడు ఆమెకన్నా ఎత్తు పెరిగి, కరెంటు పని నేర్చుకున్నాడు. పెద్దమ్మంటే ఎందుకంత ప్రాణమని ఎవరైనా అడిగితే, "అన్నం స్టేషన్‌లోనూ ఎవరో ఒకరు పెట్టేవారు. కడుపారా ఏడవనిచ్చింది మాత్రం ఆవిడే" అంటుంది. సెలవు దొరికితే చాలు, ఇద్దరూ ఆ ఇంటికే పోతారు.