మూడు వేళ్ళ లోటు

నేను ఒక సీసాను. నెత్తళ్ళను ఉప్పులో ఏడాదిపాటు ఊరబెట్టి, వడగట్టి తీసిన చేపరసం నా కడుపులో ఉండేది. వియత్నాంలో సముద్రం ఒడ్డున ఒక షెడ్డులో నన్ను నింపి, మూత బిగించి, లారీలో సైగాన్‌ పంపారు. గాజుకు పుట్టుకతో గొప్ప రాదు, నిలబెట్టిన చోటును బట్టి వస్తుంది. నన్ను లియెన్ అనే ఆవిడ చారు కొట్టులో బల్ల మీద నిలబెట్టారు.

ఆ ఊరికి వచ్చేవాళ్ళు పెద్ద జాబితా పట్టుకుని తిరుగుతారు. పాత తపాలా కచేరీ చూడాలి, నది మీద పడవెక్కాలి, బజారులో బేరమాడాలి. నాకు కాళ్ళు లేవు, బల్ల మీంచి కనిపించిందే నా ఊరు. మోటారు సైకిళ్ళ వరదలో రోడ్డు దాటడం అక్కడ ఒక విద్య. ఆగకూడదు, పరిగెత్తకూడదు. నిదానంగా నడుస్తూ పోతే వరదే రెండుగా చీలుతుంది. ఇక తిండి విషయానికొస్తే, మా కొట్టులో దొరికేది ఒక్కటే. కోడి ఎముకల చారులో బియ్యపు నూడుల్స్, పైన పచ్చి ఆకులు, పక్కన నిమ్మచెక్క. దాన్ని ఫో అంటారు. ఉప్పు చాలనివాడు నన్ను వంచుకుంటాడు.

లియెన్‌కు అరవై ఏళ్ళు. చారు కాచే కుండ ఆమె తల్లి నాటిది. చారు రుచి చూడటానికి ఆమె ఎన్నడూ గరిటె ముట్టలేదు. ఆవిరి మీదికి వంగి ఒక్కసారి పీలిస్తే సరిపోయేది. పోయిన వానాకాలం వచ్చిన జ్వరం ఆమె ముక్కునూ నాలుకనూ రెంటినీ పట్టుకుపోయింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కూతురు త్రామ్‌కు తెలిస్తే కుండ దింపించి, ఆ చోటును ఫోన్ తొడుగులు అమ్మేవాళ్ళకు ఇచ్చేస్తుంది. కుండ దిగితే లియెన్‌కు తెల్లవారి లేవడానికి కారణమే ఉండదు.

అందుకని నాలుక పని నాకు అప్పజెప్పింది. పొద్దున నన్ను మెడ దాకా నింపేది. రెండు గంటలకోసారి వెలుగుకు ఎత్తి వేళ్ళతో కొలిచేది. ఒక వేలు తగ్గితే ఉప్పు సరిపోయినట్టు, మూడు వేళ్ళు తగ్గితే చారు చప్పగా ఉన్నట్టు, అసలు తగ్గకపోతే ఉప్పు ఎక్కువైనట్టు. దాన్ని బట్టి తర్వాత కాచే చారును సరిదిద్దుకునేది. ఏడు నెలల్లో ఒక్కరికీ అనుమానం రాలేదు. నేను తగ్గడం నష్టం కాదు, కబురు.

అప్పుడు మంచిర్యాల నుంచి పదకొండు మంది యాత్రికులు దిగారు. పక్క హోటల్లో ఐదు రోజుల బస, పొద్దున టిఫిను మా దగ్గర. వాళ్ళ పెద్ద ఓదెలు, బియ్యం వ్యాపారి. మొదటి రోజే నా మూత తీసి ముక్కు మూసుకున్నాడు.

"ఏంది వజ్రా ఈ గబ్బు! ఎండుచేపల గంప నెత్తిన బోర్లించినట్టున్నది."

"మెల్లగ మాట్లాడుండ్రి. ఆమె మన దిక్కే చూస్తున్నది," అంది అతని భార్య వజ్రమ్మ.

నన్ను బల్ల చివరికి నెట్టి, ఇంటి నుంచి తెచ్చుకున్న కారప్పొడి చల్లుకుని తిన్నారు. కాసేపటికి లియెన్ వచ్చి నన్ను వెలుగుకు ఎత్తింది. చుక్క కూడా తగ్గలేదు. ఆమె ముఖం వాడిపోయింది.

"అయ్యో, మనం ముట్టలేదని మొఖం చిన్నగ చేసుకున్నది," అంది వజ్రమ్మ. "ప్రేమతోని పెట్టింది వద్దంటే ఎవలకైనా బాధ గాదా?"

మర్నాడు లియెన్ అటు తిరగ్గానే వజ్రమ్మ నన్ను బల్ల కిందికి దించి, మూడు వేళ్ళంత మురుగు కాలవలో ఒంపేసింది. లియెన్ వచ్చి చూసింది, తల ఊపింది, గబగబా వెళ్ళి కుండలో పిడికెడు ఉప్పు వేసింది.

"చూసినరా, ఎంత సంబరపడ్డదో!"

నేను తగ్గిన మాట నిజమే. ఎవరి గొంతులోకి పోయి తగ్గానో చెప్పడానికి నాకు నోరు లేదు. మూడో రోజూ ఒంపింది, నాలుగో రోజూ ఒంపింది. రోజుకు పిడికెడు చొప్పున ఉప్పు పెరిగింది. "లియెనక్కా, ఇవాళ సముద్రాన్ని కాచావా?" అన్నాడొక పాత బేరగాడు. మర్నాడు అతను రాలేదు. అతని స్నేహితులూ రాలేదు. ఓదెలు మాత్రం కారప్పొడి కలుపుకుని, ఎక్కడ తిన్నా ఇంత రుచి లేదన్నాడు.

నాలుగో రోజు యాత్రికులు వెళ్ళాక స్టూళ్ళన్నీ ఖాళీ. మిగిలింది విన్ ముసలాయన ఒక్కడే. ముప్పై ఏళ్ళుగా రోజూ వచ్చేవాడు. లియెన్ నన్ను ఎత్తింది. మనుషులు లేరు, ఉప్పు అంత పెంచినా నేను మళ్ళీ మూడు వేళ్ళు దిగిపోయి ఉన్నాను. లెక్క ఎంతకూ కుదరలేదు. నన్ను నోటికెత్తుకుని గుటకలు గుటకలుగా తాగింది. ఆ ఊళ్ళో నా అంత ఘాటైనది లేదు. ఆమె కనురెప్ప కూడా వణకలేదు.

"నీకు ఎన్నాళ్ళనుంచి ఇలా?" అన్నాడు విన్.

"అన్నా, చారు ఎలా ఉందో నువ్వైనా చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను. నిజం చెప్పు."

ఆయన గిన్నెను పక్కకు జరిపాడు. "నాకేం తెలుసమ్మా? సిగరెట్లతో నా నాలుక ఎప్పుడో చచ్చింది. వేడిగా ఉంటుందని వస్తాను."

లియెన్ కూతురికి ఫోన్ చేసి, వచ్చి చారు రుచి చూడమంది. ముప్పై ఏళ్ళలో ఆమె ఎవర్నీ ఆ మాట అడగలేదు. అందుకే త్రామ్ పని వదిలేసి పరుగున వచ్చింది. ఒక చెంచా తాగి ఉమ్మేసింది.

"ఎన్నాళ్ళయిందమ్మా?"

"వానల నుంచి."

"నాతో చెప్పలేదేం?"

"చెబితే ఏం చేసేదానివి?"

త్రామ్ పొయ్యి ఆర్పేసింది. ఇద్దరూ కలిసి కుండను కాలవలోకి వంచారు. లియెన్ ఆవిరి మీదికి వంగి, చారు పూర్తిగా పోయేదాకా పీలుస్తూనే ఉంది.

ఐదో రోజు షట్టరు తెరవలేదు. పారేయాల్సిన గిన్నెలతో పాటు నన్ను మెట్టు మీద పెట్టారు. విమానాశ్రయానికి బయల్దేరిన వజ్రమ్మ బస్సు ఆపించి దిగింది, మూసిన కొట్టును చూసి కళ్ళు తుడుచుకుంది, నన్ను కొంగులో చుట్టుకుంది. సబ్బుతో మూడుసార్లు కడిగించుకుని మంచిర్యాల చేరాను. ఇప్పుడు వాళ్ళ అద్దాల బీరువాలో ఉంటున్నాను.

నిన్న ఎదురింటివాళ్ళు వచ్చారు. వాళ్ళూ ఆ ఊరికే పోతున్నారట. ఏం చూడాలి, ఏం తినాలి, ఏం చేయాలి అని అడిగారు. వజ్రమ్మ నన్ను బయటికి తీసి చూపించింది.

"ఆ కోడిచారామె కొట్టుకు తప్పక పోవాలె. మేం పోతున్నమని తట్టుకోలేక ఆ దినం కొట్టే మూసుకున్నది, ఈ సీసా మా కోసమే మెట్టు మీద పెట్టింది. మీరు పోతే ఒకటి యాదిపెట్టుకోండ్రి. ఆ చేపల నీళ్ళు పోసుకోకున్నా కొంచెం ఎటన్న ఒంపుండ్రి. లేకుంటే పాపం, మనసు కష్టపెట్టుకుంటది."