క్లారీ వెయ్యో గోలు

వారాకిన్ ఊరి ఫుట్‌బాల్ జట్టు తరఫున క్లారీ నోస్కీ ఇరవై రెండేళ్లలో కొట్టినవి తొమ్మిది వందల తొంభై తొమ్మిది గోల్స్. ఆ గోధుమ పొలాల సీమలో అంతటి కాలు ఇంకొకరికి లేదు. పట్నం జట్టువాళ్లు రెండుసార్లు కబురు పెట్టారు. ఒకసారి కోతలు అడ్డొచ్చాయి, ఒకసారి గొర్రెల ఉన్ని కత్తిరింపు. ఇప్పుడు మోకాళ్లు పాత తలుపు బందుల్లా కిర్రుమంటున్నాయి.

"వెయ్యి కొట్టి బూట్లు విప్పేస్తా" అని భార్య ఎల్వాకు మాటిచ్చాడు. ఆటలకే పోతున్న శనివారాలు మొగుడితో నది ఒడ్డున చేపలు పట్టాలని ఆవిడ ఆశ. అందుకే ఆ ఒక్క గోలు కోసం అతనికంటే ఆవిడే ఎక్కువ మొక్కుకుంది. ఇవాళ ఈ ఏటికి చివరి ఆట.

అర నిమిషం ఉందనగా క్లారీ బంతిని గాల్లోనే చేతులతో అందుకున్నాడు; వాళ్ల ఫుట్‌బాల్‌లో అలా పట్టి తన్నొచ్చు. ఎల్వా క్యాంటీన్ వదిలి కంచె దగ్గరికి పరుగెత్తింది. అతను తన్నాడు. మైదానం చుట్టూ నిలిపిన కార్లన్నీ ఒక్కసారి హారన్లు మోగించాయి. జనం లోపలికి ఉరికి క్లారీని భుజాలకెత్తుకున్నారు.

ఆ హోరులో బంతి గోలు స్తంభానికి తగిలిన చప్పుడు ఎవరికీ వినబడలేదు, ఒక్క హెర్బ్‌కు తప్ప. తెల్లకోటు వేసుకుని గోలు దగ్గర నిలబడ్డ అంపైరు అతనే, ఎల్వా సొంత తమ్ముడు. గోలుకు రెండు జెండాలు ఊపాల్సినవాడు ఒక్కటే ఊపాడు. స్తంభానికి తగిలితే గోలు కాదు, ఒక్క పాయింటే.

"ఒరే హెర్బూ, బావమరిది బావ బాగు కోరాలిరా. దాయాదిలా తగులుకున్నావేంట్రా?" అన్నాడు కారులోంచి ముసలి డెస్.

"స్తంభానికి చుట్టరికం తెలీదు మామా."

"కళ్లజోడు తుడిచావట్రా?" అంది ఎల్వా.

"తుడిచే చూశానక్కా. రేపు భోజనానికి రావద్దంటే చెప్పు, మానేస్తా."

"రా. మాడిన ముక్క నీకే."

జనాన్ని బయటికి తోలి ఆట మళ్లీ మొదలెట్టేసరికి బంతి అవతలి కొసకు పోయింది. ఆట ముగిసినట్టు సైరన్ మోగింది.

మొగుడు ఏడుపు ముఖంతో వస్తాడనుకుంది ఎల్వా. పెళ్లినాడైనా ఆ ముఖం అంత వెలగలేదు.

"జానెడులో పోయిందే" అన్నాడు క్లారీ.

"కావాలనే స్తంభానికి కొట్టావా?"

"అంత గురే ఉంటే వెయ్యి ఎప్పుడో అయ్యేవి కదా."

అతను అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడు ఎర్రబడలేదు. అదే ఆవిడ ఒళ్లు మరీ మండించింది.

"సరే, వచ్చే శీతాకాలమూ ఆడు. చేపలకు నేనొక్కదాన్నే పోతా."

"మరి శనివారాలు నా తిండి?"

"ఆ మిగిలిన ఒక్క గోలు వండుకుని తిను" అంది ఎల్వా.