రాలేదని రాసుకున్నారు

"రాలేదని డబ్బులు పట్టుకున్నారట. వచ్చుంటే ఇంకెంత పట్టుకునేవాళ్ళో," అన్నాడు భర్త, ఫోను ముక్కుకి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చదువుతూ.

ఆదివారం పొద్దున. చిన్నకోడలు వంటింటి గడప దగ్గర కూర్చుని బఠాణీలు వలుస్తోంది. పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా, పెద్దకోడలు వేరుకాపురం వెళ్ళి పదేళ్ళు దాటినా, ఆ ఇంట్లో ఆమె పిలుపు ఇంకా చిన్నకోడలే. అత్తగారు కిటికీ పక్క కుర్చీలో మోకాళ్ళకి నొప్పుల నూనె రాసుకుంటోంది.

"ఎవర్రా రానిది?" అందావిడ.

"అదే తెలీడం లేదమ్మా. మన కార్డు మీద ఎవరో హోటల్లో గది తీసుకున్నారు. పాయింట్లన్నీ ఊడ్చిపెట్టుకుపోయాయి. పైగా మనిషి రాలేదని జరిమానా. ఎవడో మన కార్డు వాడేసినట్టున్నాడు. ఉండు, ఇప్పుడే ఆపించేస్తాను."

చిన్నకోడలి వేళ్ళు కాయ మధ్యలో ఆగిపోయాయి. కార్డు ఆపించేస్తే రేపు అత్తగారి మందులు రావు, ఎల్లుండి పిల్ల బస్సు ఫీజు వెళ్ళదు. తెలియనట్టు ఊరుకుందామన్నా ఇంటి పనులే అడ్డొచ్చాయి.

"దొంగలెవరూ కాదండీ. నేనే తీసుకున్నాను."

"నువ్వా? ఎవరికి?"

"నాకే."

అత్తగారు నూనె సీసాకి మూత బిగించింది.

ఆ పాయింట్ల సంగతి ఈనాటిది కాదు. కార్డు భర్తది. దానికి తోకలా వచ్చిన రెండో కార్డు ఆమెది. ఏడేళ్ళుగా సరుకులు, మందులు, పిల్ల బూట్లు, పుస్తకాలు అన్నీ ఆ తోక కార్డు గీకి కొన్నది ఆమె. ఏ కొట్లో ఏ రోజు కొంటే రెట్టింపు పాయింట్లు వస్తాయో ఆమెకు కంఠతా వచ్చు. అందుకోసం రెండు స్టాపులు ముందే బస్సు దిగి, చేతులు లాగేస్తున్నా సంచులు మోసుకొచ్చేది. పాయింట్లు పడేది మాత్రం భర్త పేరు మీద. మొదటిసారి గడువు దగ్గర పడ్డప్పుడు "నీకేం కావాలో తీసుకో" అన్నాడు. తీరా ఇంటికొచ్చింది మిక్సీ. రెండోసారి కుక్కరు. "చూశావా, అన్నీ నీకే" అని నవ్వాడు, నిజంగానే సంతోషపడుతూ. ఆయనలో కల్మషం లేదు, అదే చిక్కు. కల్మషం ఉన్న మనిషితో పోట్లాడొచ్చు.

మూడోసారి గడువు మెసేజి వచ్చినప్పుడు పాయింట్లకి ఇచ్చే వాటి జాబితాలో గిన్నెల సెట్టు కింద ఒక హోటల్ గది బొమ్మ కనిపించింది. రోజూ ఆమె కళ్ళజోళ్ళ దుకాణానికి పనికెళ్ళే బస్సు ఆ హోటల్ ముందు నుంచే వెళ్తుంది. తెల్లటి దుప్పటి, రెండు తలగడలు, కిటికీలోంచి పడుతున్న కాస్త ఎండ. మనిషన్నవాళ్ళు లేరు. ఆ బొమ్మను మూడు రోజులపాటు తీసి తీసి చూసింది. ఎవరినో కలుసుకోవాలని కాదు, ఎక్కడికో పారిపోవాలనీ కాదు. తలుపు వేసుకుని పడుకోవాలి. మెలకువ దానంతటది రావాలి. అందాకా ఎవరూ పేరు పెట్టిగానీ వరస పెట్టిగానీ పిలవకూడదు. ఇంత చిన్న కోరిక నలుగురిలో చెప్పుకుంటే సిగ్గు, చెప్పుకోకపోతే బరువు.

చివరికి కిందటి వారం శనివారానికి ఆ గది తీసుకుంది. ఆ శనివారం భర్త తల్లినీ పిల్లనీ తీసుకుని అక్కగారింటికి వెళ్ళాడు. దుకాణంలో సరుకు సర్దాలని ఆమె ఆగిపోయింది. సర్దడం మధ్యాహ్నానికే అయిపోయింది. సంచిలో ఒక జత బట్టలు, దువ్వెన పెట్టుకుని రెండింటికల్లా హోటల్ మెట్లెక్కింది.

"సార్ వెనకాల వస్తున్నారా మేడమ్?" అని అడిగింది రిసెప్షన్‌లో అమ్మాయి.

"రావడం లేదు. నేనొక్కదాన్నే."

"పాయింట్లు సార్ పేరు మీద ఉన్నాయి కదా, సార్ ఉండాలి. లేదంటే సార్ చేత ఒక్క ఫోన్ చేయించండి, చాలు."

ఒక్క ఫోను. చేస్తే ఆయన కాదనడు. అది ఆమెకు బాగా తెలుసు. ఆడపడుచు ఇంట్లో అందరూ భోంచేస్తుంటే ఫోను స్పీకర్లో పెట్టి, "విన్నారా, మా ఆవిడ నిద్రపోవడానికి హోటల్‌కెళ్ళిందట" అంటాడు. అందరూ నవ్వుతారు. "అదృష్టవంతురాలివమ్మా, ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు" అంటుంది ఆడపడుచు. చీకటి పడేలోగా ఆ గది ఆయన ఇచ్చిన వరమై కూర్చుంటుంది. ఏడేళ్ళు సంచులు మోసింది వరం కోసం కాదు.

ఫోను చేతిలో పట్టుకుని సోఫాలో రెండున్నర గంటలు కూర్చుంది. తర్వాత బస్సెక్కి ఇంటికొచ్చి, కర్టెన్లన్నీ విప్పి ఉతికింది.

"ఇంట్లో మంచం లేదా?" అన్నాడు భర్త ఇప్పుడు. ఆ గొంతులో కోపం కంటే బెంగే ఎక్కువుంది. "నేనేమన్నా అన్నానా?"

"లేదండీ."

"అమ్మ ఏమన్నా అందా?"

"అయ్యో, లేదు."

"మరి తీసుకున్నదానివి వెళ్ళకుండా ఎందుకూరుకున్నావు? దండగ కదా."

"వెళ్ళాను. సార్ లేకుండా గది ఇవ్వం అన్నారు."

ఆయన కాసేపు తల గోక్కున్నాడు. సమస్య కనిపిస్తే సర్దిపెట్టేదాకా నిలవలేడు. "నువ్వుండు, నేను మాట్లాడతాను. వీటికొక తీరుంటుంది" అని హోటల్‌కి ఫోను కలిపి స్పీకర్లో పెట్టి, అవతలి మేనేజరు దొరకగానే గొంతులో తేనె కలిపాడు.

"మా ఆవిడ ఏదో తెలియక నొక్కేసిందండీ. ఆడవాళ్ళ సంగతి మీకు తెలియనిదేముంది, మీ ఇంట్లోనూ ఉంటారుగా. ఈ ఒక్కసారికి చూసీచూడనట్టు పోనివ్వండి."

మేనేజరు నవ్వాడు. "సరే సార్. పొరపాటున చేసిన బుకింగ్ అని రాసుకుంటాను. పాయింట్లు వెనక్కి పడతాయి, జరిమానా కూడా తీయించేస్తాను."

చూశావా అన్నట్టు భర్త ఆమె వైపు కనుబొమలెగరేశాడు. ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు, పోయినవన్నీ తిరిగొస్తాయి. ఇన్నేళ్ళూ ఆమె ఊరుకున్నది ఆ ఒక్క నిమిషమే. కళ్ళజోళ్ళ దుకాణంలో తాను ఫ్రేముల్లో కూర్చోబెట్టిన అద్దాలను యజమాని "నా చేతి పని" అని చూపించినప్పుడు ఒక్క నిమిషం. పరీక్షలో పిల్లకి మంచి మార్కులొస్తే "మా వంశంలోనే ఉంది లెక్కల తెలివి" అని ఆడపడుచు అన్నప్పుడు ఒక్క నిమిషం. ఆ లెక్కలు రోజూ పక్కన కూర్చుని చేయించినది ఎవరో ఆ ఇంటి గోడలకి తెలుసు. అవి చెప్పవు.

లేచి చేతులు తుడుచుకుంది. "ఫోను ఇటివ్వండి."

"అయిపోయిందోయ్..."

"ఇవ్వండి." తీసుకుంది. "పొరపాటు కాదండీ. తెలిసే తీసుకున్నాను. వచ్చాను కూడా. రాలేదని మీరు రాసుకున్నది తప్పు. అది దిద్దండి."

మేనేజరు గొంతు బిగుసుకుంది. "మేడమ్, తెలిసి తీసుకున్నదైతే జరిమానా తీయడం కుదరదు. మీరు వచ్చినట్టు ఆధారం ఏమన్నా ఉందా?"

"ఉత్తరం రాస్తాను" అని పెట్టేసింది.

"నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలు చేశావు కదోయ్," అన్నాడు భర్త. "ఒక్క మాటకి నీకేం పోయింది?"

ఆమె వలిచిన బఠాణీలు కడగడానికి లోపలికెళ్ళింది.

మధ్యాహ్నం భర్త పిల్లని ఈతకి తీసుకెళ్ళాక, అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని గోళ్ళు తీస్తోంది. ఆవిడకి వంగడం కష్టం. పదిహేను రోజులకోసారి ఈ పని ఉంటుంది.

"ఆ గదికి కిటికీ ఉంటుందా అమ్మాయ్?"

"బొమ్మలో ఉంది అత్తయ్యా. నేను పైదాకా వెళ్ళలేదు కదా."

ఆవిడ రెండో కాలు ముందుకు జరిపింది. "నాకు నాలుగు పురుళ్ళు. ఆసుపత్రిలో ఐదేసి రోజులు పడుకోబెట్టేవాళ్ళు. పాలు చేతికి తెచ్చిచ్చేవాళ్ళు. దుప్పటి వాళ్ళే మార్చేవాళ్ళు. మీ ఆయన పుట్టాక డాక్టరమ్మ ఇక చాలమ్మా అంటే ఏడ్చాను. పిల్లల మీద ఆశ చావలేదనుకున్నారంతా."

చిన్నకోడలు తలెత్తి చూసింది. ఆవిడ నవ్వుతోంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఆ రోజు ఊరి నుంచి రాగానే ఉతికిన కర్టెన్లు చూసి అనుకున్నాను, ఏదో జరిగిందని. మనసు బాగున్న మనిషి సెలవు పూట కర్టెన్లు ఉతకదు. అడుగుదామనుకున్నాను. అడిగితే ఏం చెప్తావోనని భయమేసింది. రాయవే ఆ ఉత్తరం. బాగా రాయి."

మర్నాడు దుకాణంలో భోజనాల వేళ కాగితం ముందేసుకుని కూర్చుంది. ఆధారం ఏముంది? అన్నం తిన్నవాళ్ళు వండినందుకు రసీదు ఇవ్వరు. మడత పెట్టిన బట్టల మీద మడత పెట్టినవాళ్ళ సంతకం ఉండదు. ఏ గదిలో ఎంతసేపున్నా లేచాక దిండు సర్ది, తానున్న జాడ తానే చెరిపేసి రావడం చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న విద్య. ఆ సోఫా మీదా అదే చేసింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రిసెప్షన్ అమ్మాయి కళ్ళజోడు మాటిమాటికీ ముక్కు మీదికి జారుతోంది. ఒక చేత్తో టైపు చేయడం, ఒక చేత్తో పైకి తోసుకోవడం. గంటసేపు చూసి చూసి ఇక ఉండబట్టలేక లేచి వెళ్ళింది. హ్యాండుబ్యాగులో ఎప్పుడూ ఉండే చిన్న స్క్రూడ్రైవరు తీసి కీలు బిగించి, ఒక పక్క కాడను వేలితో కాస్త వంచి, పెట్టుకోమంది. "మీకు కుడి చెవి రవ్వంత ఎత్తుగా ఉంటుంది, అందుకే జారుతోంది" అంది. ఆ అమ్మాయి అద్దంలో చెవి చూసుకుని నవ్వింది.

అదంతా ఉన్నదున్నట్టు రాసింది. చివర ఇలా రాసింది: "జరిమానా తీసేయకపోయినా సరే. గది ఇవ్వకపోవడం మీ నియమం కావచ్చు. కానీ నేను రాలేదనకండి. నేను వచ్చాను."

మూడో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది.

"మేడమ్, నేను హోటల్ నుంచి. కళ్ళజోడు అమ్మాయిని. ఆ రోజు నుంచి జారలేదు మేడమ్."

"అలాగే పెట్టుకోండి. తలమీదికి ఎగదోయకండి, వదులైపోతుంది."

అవతలి గొంతు తగ్గింది. "రాలేదని నొక్కింది నేనే. కంప్యూటర్లో రెండే ఉంటాయి. వచ్చారు, రాలేదు. సార్ రాలేదు కదా అని నొక్కేశాను. మీరు ఎదురుగానే కూర్చున్నారు. మీ వైపు చూస్తూనే నొక్కాను మేడమ్. ఉత్తరం చదివినప్పటి నుంచి అదే గుర్తొస్తోంది."

"మీరేం చేస్తారు, మీ ఉద్యోగం అది."

"మేనేజరుకి రాసిచ్చాను. ఆవిడ వచ్చారు, గది ఇవ్వనిది మనమే అని. తప్పు దిద్దారు. పాయింట్లు వెనక్కి పడతాయి, జరిమానా తీసేశారు."

"మిమ్మల్నేమీ అనలేదు కదా?"

"కాస్త అన్నారు. పర్లేదు."

లోపలి నుంచి యజమాని "అమ్మా, ఇద్దరొచ్చారు, టీ" అని కేకేశాడు. చిన్నకోడలు "మాట్లాడుతున్నానండీ" అని, గోడ వైపు తిరిగి, ఆ అమ్మాయితో తనివితీరా మాట్లాడాకే ఫోను పెట్టింది. ఆ రోజు టీ యజమానే తెప్పించుకున్నాడు.

సాయంత్రం భర్త మెసేజి చదివి, చదివి, గర్వంగా ఇల్లంతా తిరిగాడు. "గెలిచావోయ్. ఈసారి అందరం వెళ్దాం. పిల్లకి ఈత కొలనుందట, అమ్మకి లిఫ్టు ఉంటుంది. మంచాలు రెండు వేయమందాం."

ఆయన మొహంలో వెలుగు చూస్తే ఆమెకు మనసు కరిగింది. కరగడం ఆమెకు కష్టం కాదు. ఆగడమే కష్టం.

"అందరం ఇంకోసారి వెళ్దామండీ. ఈ గదికి నేనొక్కదాన్నే వెళ్తాను."

ఆయన కూర్చున్నాడు. "నేనుంటే నీకు నిద్ర పట్టదా?" అన్నాడు. ఎప్పుడూ ఉండే వెటకారం ఆ మాటలో లేదు.

"మీరుంటే మీకు దుప్పటి సరిపోయిందా, పిల్లకి దాహమేస్తుందా అని ఒక చెవి తెరుచుకునే పడుకుంటాను. అది మీ తప్పు కాదు. నాకలా అలవాటైపోయింది. ఆ చెవి కూడా ఒక్క రాత్రి మూయాలనుంది."

ఆయన ఫోను తీసుకుని ఆ గదే మళ్ళీ బుక్ చేస్తూ, అతిథి పేరు ఉన్నచోట తన పేరు తీసేసి ఆమె పేరు టైపు చేశాడు. సరిగ్గా ఉందా అని ఆమెకు చూపించాడు. ఒక అక్షరం తప్పు పడింది. ఆమె దిద్దింది.

శనివారం సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చింది. అటూ ఇటూ చూసి, చిన్న గొంతుతో, "నన్నూ తీసుకెళ్ళకూడదుటే?" అంది.

చిన్నకోడలు చెప్పులు వేసుకోవడం ఆపింది. కాదనడానికి భర్త కంటే, ఆడపడుచు కంటే కష్టమైన మనిషి ఈవిడ. ఆవిడ ముడతలు పడ్డ చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"లేదత్తయ్యా. ఈసారి కాదు."

ఆవిడ ఒక్క క్షణం చూసింది. చూసి, మెల్లగా కోడలి చెంప నిమిరింది.

"లేదనే మాట ఇంత మెత్తగా కూడా అనొచ్చన్నమాట. అరిస్తేనే వస్తుందేమో అనుకుని, అరవడం చేతకాక, బతుకంతా సరేననే అన్నాను."

అంతలో వంటింట్లోంచి భర్త కేక. "ఏమోయ్, ఉప్పెక్కడుంది?"

రెండో అరలో, టీపొడి వెనకాల. మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. అత్తగారు ఆమె చేతిని గట్టిగా నొక్కింది.

"వెతుక్కుంటాడులే. నాలుగు డబ్బాలు తీస్తే ఐదోది ఉప్పే. నువ్వు బయల్దేరు."

ఆమె మెట్లు దిగుతుండగా పైన ఏదో డబ్బా కిందపడి దొర్లిన చప్పుడయింది. ఎవరు ఎత్తుతారో చూడటానికి ఆమె ఆగలేదు.