నూరీన్ బరువుకు తగిన స్ప్రింగు

అన్యాయం ఎవరికి జరిగింది? నూరీన్‌కు. ఎలా జరిగింది? గుట్టలు దిగే ఆమె సైకిలు నుంచి, కుదుపులు మింగే వెనుక షాక్‌ను, రెండేళ్ల కిందట, నా మనుమడు విద్యాధర్ ఒక్కరోజుకని అడిగి విప్పుకుపోయాడు. వాడి దూకుడుకు దాని కడ్డీ వంగింది. తుడిచి, మెరిపించి, ఎవరికీ చెప్పకుండా తెచ్చి బిగించాడు. ఆ వారమే ఖానాపూర్ అవతలి గుట్ట మీద పోటీలో నూరీన్ బండ మీద నుంచి దూకినప్పుడు, ఆ షాక్ అణిగి లోపలే ఇరుక్కుంది. ఆమె మణికట్టు విరిగింది. ఆడపిల్లకు పట్టు చాలలేదని చూసినవారందరూ తేల్చారు. సైకిలు కరీంనగర్‌లోని ఆమె తండ్రి అజీముద్దీన్ సైకిళ్ల దుకాణంలో గోడకెక్కింది. ఆమె చిటికెన వేలికి నేటికీ స్పర్శ లేదు.

ఈ సంగతి నాకు మొన్ననే తెలిసింది. విద్యాధర్ తన సైకిలుకు కొత్త షాక్ ఎంచుకుంటున్నాడు. పాతదానికి ఏమైందని అడిగాను.

"కడ్డీ జర వంగినా ఇరుక్కుంటది బాపమ్మా. నూరీన్‌ది గట్లనే అయింది."

"దాని కడ్డీ వంగిందని నీకెవరు చెప్పిండ్రు?"

పడిన తరువాత ఆ షాక్‌ను ఎవరూ విప్పి చూడలేదు. వాడు తల వంచుకున్నాడు. అంతా చెప్పాడు. నాకు కోపం రాలేదు. ఏమీ రాలేదు. చేతిలోని గ్లాసు చల్లబడిందని మాత్రం తెలిసింది. కొనవలసిన షాక్ నీకు కాదని చెప్పి, వాడిని దుకాణానికి తీసుకువెళ్లాను.

నేరం వాడి నోటితోనే చెప్పించాను. అజీముద్దీన్ పానా కింద పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. నూరీన్ ముఖం మాత్రం మారలేదు. గోడ మీది సైకిలు దించి, పాత షాక్ విప్పి, రెండు చివరల బోల్టు రంధ్రాల మధ్య పొడవు కొలిచింది. అది ఎంత లోతుకు అణగాలో చెప్పింది. ఈ రెండు కొలతలూ కలవకపోతే ఎంత ఖరీదైనదైనా పనికిరాదట. విద్యాధర్ గాలితో పనిచేసేది కొందామన్నాడు. ఆమె ఉక్కు స్ప్రింగుదే కావాలన్నది. ఆ స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలన్నది తొక్కే మనిషి బరువును బట్టి ఉంటుంది.

అక్కడ మావాడు తప్పు చేశాడు. మేడారం మొక్కుకు మనిషి బరువుకు సమంగా బెల్లం తూచి ఇవ్వడం మా వైపు ఆచారం; ఆ బెల్లాన్ని బంగారమంటారు. రెండేళ్ల కిందటి జాతరప్పుడు మా వాకిట్లో వాడితో పాటు, నూరీన్ తల్లి ఖుర్షీద్ మొక్కుకున్నందున, నూరీన్‌ను కూడా తూచారు. వాడు ఆ అంకె గుర్తు తెచ్చుకుని, దానికి తగిన స్ప్రింగు చెప్పబోయాడు.

నేను ఆపాను. మేడారం తల్లులకు తక్కువ కారాదని బెల్లం తట్టను ఎప్పుడూ మొగ్గేలా నింపుతారు. ఆ అంకె మొక్కుది, మనిషిది కాదు. ఎదిగిన పిల్లను బరువెంతని ఎట్లా అడగాలని వాడు నసిగాడు.

"వంగినదాన్ని బిగించేటప్పుడు రాని సిగ్గు గిప్పుడొచ్చిందా?" అన్నది నూరీన్.

వాడు అడిగాడు. పోటీకి తొడిగే హెల్మెట్, మోకాలి కవచాలు, బూట్లు అన్నీ వేసుకుని ఆమె పక్క ధాన్యపు కొట్టులోని కాంటా ఎక్కింది. వాడు అనుకున్నదానికంటే మెత్తటి స్ప్రింగే ఆమెకు తగినదని తేలింది. ఆమె చెప్పినదే తెప్పించాడు.

షాక్ వచ్చిన ఆదివారం ఖానాపూర్ గుట్టకు వెళ్లాము. ఆనాడు ఆమెకు పట్టు చాలలేదని తేల్చినవారిలో చాలామంది అక్కడే సాధన చేస్తున్నారు. విద్యాధర్ వారి ఎదుట మోకాళ్ల మీద కూర్చుని కొత్త షాక్ బిగించి, లేచి నిలబడ్డాడు.

"ఆ రోజు నూరీన్ పట్టు తప్పలే. కడ్డీ నేను వంచిన. చెప్పకుండ బిగించిన."

నూరీన్ సైకిలెక్కి గుట్ట దిగసాగింది. అదే బండ మీద నుంచి దూకింది. వెనుక షాక్ అణిగింది, లేచింది.

కింద ఆగి, చేతి తొడుగు తీసి, చిటికెన వేలిని ఒకసారి వంచి చూసుకుంది. తరువాత సంచిలోని పాత షాక్ తీసి విద్యాధర్ చేతిలో పెట్టింది.

"గిది నీది. నా బాకీ ముట్టింది."