వెనకయ్య

"బ్రేకు తొక్కు... వదులు... మళ్ళీ తొక్కు. ఎడమది వచ్చింది సార్, కుడిది రాలేదు."

పొద్దుటి నుంచి అది పదకొండో బండి. బండ్లకి ఫిట్‌నెస్ కాగితాలిచ్చే ఆ తనిఖీ ఆవరణలో అధికారి కిటికీ దగ్గర కూర్చుంటాడు, నడిపేవాడు స్టీరింగు ముందు కూర్చుంటాడు. మరి వెనక లైట్లు వెలిగాయో లేదో చూసి అరిచి చెప్పడానికి ఒక మనిషి కావాలి కదా! ఆ మనిషి ఇతనే. ఇరవై తొమ్మిదేళ్ళుగా బండ్ల వెనకే నిలబడడంతో అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. అందరికీ వెనకయ్యే. సన్నటి మనిషి, మోకాళ్ళ దాకా మసి పట్టిన ప్యాంటు, పొగకి ఎప్పుడూ సగం మూసుకునే కళ్ళు. లైటు వెలిగితే కుడిచెయ్యి పైకెత్తుతాడు, వెలగకపోతే అడ్డంగా ఊపుతాడు. ఈమధ్య చెయ్యెత్తినప్పుడల్లా ఛాతీలో ఏదో పట్టేస్తోంది. పొగ వల్లేలే అని సరిపెట్టుకుంటున్నాడు.

ఆ ఆవరణకి నాలుగు దిక్కుల నుంచీ బండ్లు వస్తాయి. లైటు ఒకటే అయినా పేరు మాత్రం ఎవరిది వాళ్ళదే. ఇండికేటర్ని సముద్రం వైపువాళ్ళు సైగ లైటంటారు, మెట్ట వైపువాళ్ళు కన్నుకొట్టేదంటారు. అటునుంచి వచ్చిన ముసలి డ్రైవరొకడు "కుడి కన్ను కొట్టడం లేదు బాబూ" అని చెప్పుకుంటే, గుమాస్తా పాపం కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు. పార్కింగు లైటంటే ఒకచోట ముందు వెలిగే చిన్న బల్బు, ఇంకోచోట నాలుగు మూలలా ఒక్కసారే మిణుకుమనేవి. వెనకయ్య ఎవరి పేరుతో వాళ్ళని అడిగి, అధికారికి ఫారంలో ఉన్న పేరు చెబుతాడు. మధ్యలో ఇంత తతంగం నడుస్తోందని ఎవరూ గమనించలేదు, అతనూ చెప్పుకోలేదు. పై అధికారి మాటకి ఎదురు చెప్పడమన్నది అతని ఒంట్లోనే లేదు. "మీకు నోరిచ్చింది అన్నం తినడానికే" అని భార్య దెప్పుతూ ఉంటుంది.

మధ్యాహ్నం బడిపిల్లల వ్యాను ఒకటి వచ్చింది. నడుపుతున్నది నలభై ఏళ్ళ ఆడమనిషి, కొండ వైపు నుంచి. పద్నాలుగేళ్ళు వేరేవాళ్ళ బండి నడిపి, ఇప్పుడు ఈ పాత వ్యాను సొంతానికి కొనుక్కుంది. ఇవాళ కాగితం చేతికి రాకపోతే రేపటి నుంచి బడివాళ్ళు ఇంకో బండి పెట్టుకుంటారు. దిగీదిగగానే వెనకయ్యకి ఆ సంగతి చెప్పేసింది.

"రాత్రంతా కన్ను మూతపడలేదు బాబాయ్. ఇది పోతే మళ్ళీ ఒకరి కింద చెయ్యాల్సిందే."

"ఏం కాదులే అమ్మా, బండి లక్షణంగా ఉంది."

లైట్లన్నీ వెలిగాయి. వెనకయ్య చెయ్యి ఎత్తుతూనే ఉన్నాడు. అప్పుడు అధికారి తల ఎత్తకుండానే ఆఖరి ప్రశ్న అడిగాడు.

"అదనంగా లైట్లేమన్నా బిగించావా?"

"ముందు రెండు పచ్చ లైట్లు సార్. మంచులో దారి కనబడాలి కదా."

"పచ్చ లైట్లు పెట్టకూడదని తెలీదా?"

"మా వైపు అందరూ పచ్చవే పెడతారు సార్!"

"అయితే అందరివీ పీకించాలి," అంటూ ఆయన ఎర్ర సిరాతో ఫారం మీద అడ్డగీత కొట్టేశాడు. "తీసేసి పదిహేను రోజులకి రా."

ఆయన ఇక్కడికి వచ్చి మూడు నెలలే అయింది. ఆయన పుట్టిన వైపు పచ్చ అంటే ఆకు రంగు. ఆమె పుట్టిన వైపు పచ్చ అంటే పసుపు. ఈ తిరకాసు తెలిసిన మనిషి ఆ ఆవరణ మొత్తానికి ఒక్కడే, అతనేమో బండి వెనక నిలబడి ఉన్నాడు.

మనకెందుకొచ్చిన గొడవ అనుకున్నాడు వెనకయ్య. ఇన్నేళ్ళూ ఆ మాటే అతన్ని కాపాడింది. కానీ వెనక అద్దంలోంచి చూస్తే ఆమె స్టీరింగు మీద తల వాల్చేసి ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఇక కాళ్ళు ఆగలేదు, కిటికీ దగ్గరికి నడిచాడు.

"సార్, ఒక్క మాట."

అధికారి తలెత్తి చూశాడు. 'వచ్చింది', 'రాలేదు' కాక ఈ మనిషి నోట ఇంకో మాట పలుకుతుందని ఆయనకి తెలీదు.

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటాం కదా సార్. అది ఏ పచ్చ సార్?"

"ఏ పచ్చేమిటయ్యా, పసు..." ఆయన ఆగిపోయాడు. పక్కన గుమాస్తా కిసుక్కున నవ్వి, దగ్గినట్టు నటించాడు.

"ఆమె చెప్పింది ఆ పచ్చే సార్. ఒక్కసారి లేచి చూడండి."

అధికారి లేచి బండి ముందుకి వచ్చాడు. ఆమె కళ్ళు తుడుచుకుని మీట నొక్కింది.

"ఇవి పసుపు కదమ్మా!"

"నేనూ అదే కదా సార్ మొత్తుకున్నాను, పచ్చ అని!"

ఆయన కొత్త ఫారం తీసి సంతకం పెట్టాడు. "నీ నోట్లో పంచదార పొయ్య బాబాయ్!" అంది ఆమె, ఏడుపూ నవ్వూ కలిసిపోయి. వ్యాను గేటు దాటాక అధికారి వెనకయ్యని పిలిచాడు.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"చాలానే సార్."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"'వచ్చింది, రాలేదు' అంటే సరిపోయేది సార్."

ఆయన అడ్డగీత కొట్టిన పాత ఫారాన్ని చించేశాడు. తర్వాత, "ఎవరు దేన్నేమంటారో రాసుకురా. గోడకి అంటిద్దాం. ఎంతమందిని ఊరికే వెనక్కి పంపామో ఏమిటో," అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి భార్యకి ఆ కథంతా చెప్పాడు.

"ఏవండీ, ఇది మూడోసారి."

"నాలుగోసారి కూడా వింటావు, ఎక్కడికి పోతావు!"

కూతురి పాత నోటుబుక్కులోంచి కాగితం చించుకుని, గీతలు గీసుకుని, ముందుగది బల్ల దగ్గర కూర్చున్నాడు. వంటింట్లోకి కేకేశాడు. "కన్నుకొట్టేది అని రాయొచ్చంటావా?"

"ఆఫీసు గోడ మీద కన్నుకొట్టడమేమిటండీ, ఈ వయసులో!"

అతని నవ్వు వినబడింది. ఆమె పొయ్యి కట్టేసి, కంచాలు పెట్టి, తినడానికి రమ్మంది. పలకలేదు. "అబ్బో, అయ్యగారు పెద్ద ఆఫీసరైపోయారు," అనుకుంటూ ముందుగదిలోకి వచ్చింది. పాఠం చదువుతూ నిద్రపోయిన పిల్లాడిలా చేతి మీద తల ఆనించి ఉన్నాడు. పెన్సిలు కింద పడి ఉంది. భుజం పట్టుకుని కదిపితే ఒళ్ళు బరువుగా ఇటు వాలింది.

గుండె అన్నాడు డాక్టరు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయాడన్నారు చుట్టాలు. ఆమెకి ఆ మాట గిట్టలేదు. పెట్టొచ్చు కదా, నన్నయినా పెట్టొచ్చు కదా అని ఏడ్చింది.

వారానికి ఆ కాగితం గుమాస్తా చేత ఆఫీసుకి పంపించింది. అధికారి దాన్ని ఉన్నదున్నట్టుగానే కిటికీ పక్కన గోడకి అంటించాడు. ఆ సంగతి తెలిసి వ్యాను నడిపే ఆమె వచ్చింది. పేర్లన్నీ వేలితో చూపుకుంటూ చదివి, అడుగు వరస దగ్గర ఆగింది. 'కొండ వైపువాళ్ళు ముందుండే చిన్న లైటుని' అని ఉంది, అక్కడితో సరి.

"దాన్ని మేం పిల్ల లైటంటాం సార్. రాసెయ్యండి."

అధికారి పెన్ను మూత తీశాడు. ఆ పెన్సిలు అక్షరాల దగ్గరికి వంగి, మళ్ళీ మూత పెట్టేశాడు. "ఆయనకి తెలుసమ్మా," అన్నాడు.

కాగితం ఇప్పటికీ ఆ గోడ మీదే ఉంది. ఆఖరి వరసలో 'లైటుని' అన్న మాట పక్కన, తర్వాతి అక్షరం కోసం పెన్సిలు మొన ఆనిన చోట, చిన్న చుక్క ఉంది.