జీను లోపలి పేరు

కూర్చునే తోలు ఎత్తగానే కనిపించింది: మా నాన్న పేరు ఉండాల్సిన చోటును ఎవరో గాజుపెంకుతో గీకేశారు.

మ్యూజియం బల్ల చుట్టూ నలుగురు మెడలు చాచి చూస్తున్నారు. శనివారం ప్రదర్శన మొదలు. మ్యూజియం నడిపే మిసెస్ టిడ్‌వెల్ చేతిలో చీటీ సిద్ధంగా ఉంది: ‘హాల్డేన్ జీన్ల షాపు, బఫెలో, వయోమింగ్, 1946.’ దాని కింద ‘పూలు చెక్కినవాడు గ్రాసియన్ ఉర్రుటి’ అని ఇంకో వరుస చేర్పించాలని రెండేళ్లుగా పోట్లాడుతున్నాను. సాక్ష్యం చూపిస్తే చేరుస్తామన్నారు. లోపల ఉందని చెప్పి నేనే కత్తి పట్టి ఎడమవైపు కుట్లు తెంపాను.

“ఏదమ్మా పేరు?” అంది మిసెస్ టిడ్‌వెల్.

“ఉండేది.”

“ఉండేది అని చీటీ మీద రాయలేను కదా, మైటె.”

వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు. నా చెవులు మండిపోయాయి.

ఆ పేరు నేను కళ్లారా చూశాను. అప్పుడు నాకు పదేళ్లు. చెక్క చట్రం మీద బిగించిన పచ్చితోలు పైన నాన్న పెన్సిల్‌తో రాసి, మీద తోలు కప్పాడు. బయట షాపు ముద్ర ఒక్కటే పడుతుంది. చేసినవాడి పేరు లోపల, ఎవరికీ కనిపించని చోట. మాది స్పెయిన్ కొండల నుంచి వలస వచ్చి గొర్రెలు కాసుకునే బాస్క్ కుటుంబం. పశువుల ఆసాములు గొర్రెల కాపరి కొడుకు పేరు మీద కూర్చుంటారా? అందుకని ముప్పై ఏళ్లు నాన్న ఆ షాపులో చెక్కిన అడవి గులాబీలన్నీ హాల్డేన్ గులాబీలయ్యాయి. జీను విప్పబోతున్నానని చెప్పినప్పుడు కూడా నాన్న, “వదిలెయ్యవే, ఇప్పుడెందుకు,” అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే అనుకున్నాను.

మళ్లీ కుట్టి తెస్తానని చెప్పి, జీను ట్రక్కులో పడేసుకుని నేరుగా కర్టిస్ హాల్డేన్ దగ్గరికి వెళ్లాను. తండ్రి పోయాక షాపు మూసేసి, ఇప్పుడు ట్రాక్టర్ విడిభాగాలు అమ్ముతున్నాడు. జీను తీసుకెళ్లి అతని కౌంటర్ మీద ఎత్తేశాను.

“మీ నాన్న గీకించాడు. చూడు.”

కర్టిస్ కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. “మా నాన్న పోయి పదకొండేళ్లయింది. ఇంకా ఆయన్ని వదలవా?”

“పేరు దొబ్బేసినవాణ్ణి ఎందుకు వదలాలి? చౌకరకం చట్రాలు కొని డ్వేన్ కిటరిడ్జ్‌ని కుంటివాణ్ణి చేసినవాణ్ణి ఎందుకు వదలాలి?”

ఆ సంగతి ఊరంతా ఎరుగుదురు. నలభై తొమ్మిదిలో డ్వేన్ కోడెకి ఉచ్చు వేసి, తాడు జీను ముందుండే కొమ్ముకి చుట్టగానే చట్రం విరిగింది. మనిషి గుర్రం కింద పడ్డాడు. తుంటి ముక్కలైంది. ఆ జీను ఇదే. చట్రం మీద అప్పుడు వేసిన ఇనుప పట్టీ ఇంకా ఉంది. గీకిన చోటు సరిగ్గా దాని పక్కనే.

కర్టిస్ ముఖం ఎర్రబడింది. “మంచి చట్రాలే కొన్నాడు. ఆ ఏడాది మా అమ్మ చర్చికి వెళ్తే పక్కన కూర్చోవడానికి ఎవరూ రాలేదు, తెలుసా? సగం మంది ఆసాములు పక్క ఊరు షెరిడాన్‌లో జీన్లు కొనడం మొదలెట్టారు. అన్నీ దిగమింగుకున్నాడు మా నాన్న.”

“పాపం.”

“వెటకారం ఆపు. మా నాన్నకి సూదిలో దారం ఎక్కించడం రాదు. పట్టీ వెయ్యడానికి విప్పినవాడే మళ్లీ మూశాడు, వాడే గీకాడు. నువ్వు జీన్లు కుట్టేదానివే కదా? నన్ను తిట్టే ముందు కుట్లు చూసుకో.”

చూశాను. తలుపు బయట, ట్రక్కు వెనక, ఎండలో చూశాను.

జీను మిగతా అంతా పాత దారం, నల్లబడిపోయింది. కూర్చునే తోలు చుట్టూ ఉన్నది మరమ్మత్తు దారం, లేతరంగు. నేను తెంపని కుడివైపు కుట్లు వరసగా ఉన్నాయి. అందరి కుట్లూ ఒక పక్కకి వాలితే ఇవి రెండో పక్కకి వాలాయి. ఎడమచేతి కుట్లు. తోలుకి బెజ్జాలు పొడిచే ఆరె పట్టుకోవడం ఆ చేతి దగ్గరే నేర్చుకున్నాను. నాది కుడిచేతి వాటం కాబట్టి అద్దంలో చూస్తున్నట్టు తిప్పుకుని నేర్చుకున్నాను. హాల్డేన్ షాపులో ఎడమచేతివాడు ఒక్కడే.

ఇంటికెళ్లేసరికి నాన్న నా వర్క్‌షాపు వెనక గదిలో బెల్టుకి మైనం రాస్తున్నాడు. ఎనభై మూడేళ్లు. చెయ్యి వణకదు. జీను ఆయన కాళ్ల దగ్గర పడేశాను.

“రెండేళ్లు, నాన్నా. ఊళ్లో ప్రతివాడితో కొట్లాడాను. హాల్డేన్ మనవళ్లని కూడా పలకరించడం మానేశాను. నువ్వు ఇక్కడ కూర్చుని బెల్టులకి మైనం రాసుకుంటున్నావు.”

“వదిలెయ్యమన్నాను.”

“ఎవరు గీకారు?”

బెల్టు పక్కన పెట్టాడు. జీను వైపు చూడలేదు.

“నేనే. అరవకు, విను. చట్రం వచ్చినప్పుడే చీలిక ఉంది. వెంట్రుకంత. వెనక్కి పంపితే కొత్తది డెన్వర్ నుంచి రావడానికి మూడు వారాలు. జీన్లు ప్రదర్శనకి పెట్టే సంతకి పది రోజులే ఉంది. పూలు చెక్కడం అయిపోయింది. అంత బాగా అంతకుముందు చెక్కలేదు, ఆ తర్వాతా చెక్కలేదు. సంతలో అది నిలబడాలి, జనం చూడాలి, అంతే నాకు. చీలిక మీద పచ్చితోలు ముక్క అతికించాను. దాని పక్కనే పేరు రాశాను. సిగ్గులేకుండా, నీ ఎదురుగా. హాల్డేన్‌కి తెలీదు. ఎప్పటికీ తెలీలేదు. డ్వేన్ పడ్డాక జీను తెచ్చి నా బల్ల మీద పెట్టి, ‘గ్రాసియన్, నా ముద్ర ఉంది, తప్పు నాదే, పట్టీ వెయ్యి,’ అని ముందు గదిలోకి వెళ్లిపోయాడు. అక్కడ డ్వేన్ అన్నదమ్ములు ఆయన్ని నోటికొచ్చినట్టు తిడుతున్నారు. నాకు ప్రతి మాటా వినిపిస్తోంది. తోలు ఎత్తాను. చీలిక, పక్కన నా పేరు. వెళ్లి చెప్పచ్చు. పది అడుగులు. గాజుపెంకు తీసుకున్నాను. మూడుసార్లు గీకితే పోయింది. పట్టీ వేసి కుట్టేశాను. మంచిగానే కుట్టాను. డ్వేన్ ఇప్పటికీ కర్ర పట్టుకుని వస్తాడు, ఈ బెల్టు వాడిదే. వచ్చిన ప్రతిసారీ ఆ హాల్డేన్‌ని ఒక తిట్టు తిట్టి పోతాడు. నేను తల ఊపుతాను. ముప్పై రెండేళ్లుగా తల ఊపుతున్నాను. చీటీ మీద నా పేరు కావాలన్నావుగా. రాయించు. పూలు ఎవరు చెక్కారో రాయించి, చీలిక ఎవరు కప్పారో కూడా రాయించు. రెండూ నేనే.”